లండన్ నగరాన్ని అక్షరాల్లో దాచిన దర్జీ – జాన్ స్టో

ఇంగ్లండులో తమ వంశం పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కునేవారు చాలామంది ఉన్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం తీరిక దొరకని ఈ పనిని పదవీ విరమణ తరువాత చేపట్టేవారూ వారిలో ఉంటారు. తాతగారి పేరు తెలుసు, ఆయన తండ్రి పేరు చూచాయగా తెలుసు, అంతకు ముందంతా చీకటి. ఆ చీకట్లో దారి చూపే దీపాలు ముఖ్యంగా రెండు. ఒకటి చర్చి రిజిస్టర్లు. రెండవది స్థానిక చరిత్ర గ్రంథాలు, అంటే ఒక ఊరినో, పేటనో, జిల్లానో తీసుకొని అక్కడి వీధులు, ఇళ్లు, చర్చిలు, సమాధులు, వాటితో ముడిపడిన మనుషుల పేర్లు వివరంగా రాసిపెట్టిన పుస్తకాలు. లండన్ నగరం మట్టుకు ఇటువంటి పుస్తకాలన్నిటికీ పెద్ద దిక్కు 1598లో అచ్చయిన 'సర్వే ఆఫ్ లండన్'. దాన్ని రాసినవారు జాన్ స్టో.

స్టో విశ్వవిద్యాలయం గడప తొక్కినవారు కారు. ప్రభువుల ఇంట పుట్టినవారూ కారు. బట్టలు కుట్టే దర్జీ. నలభై ఏళ్లకు పైగా చరిత్ర రాసి, ఎనభయ్యో పడిలో రాజుగారి అనుమతి పత్రం పట్టుకొని జనాన్ని విరాళాలు అడగవలసి వచ్చిన మనిషి. ఆయన జీవితం మన పింఛనుదారులూ, వారి కుటుంబాలవారూ తెలుసుకోదగినదని తోచి, ఈ ప్రత్యేక సంచిక కోసం నాలుగు మాటలు రాస్తున్నాను.

బాల్యం – ఒక తోట కథ

జాన్ స్టో 1525 ప్రాంతంలో లండన్‌లోని కార్న్‌హిల్ పేటలో జన్మించారు. తండ్రి థామస్ స్టో కొవ్వొత్తులు చేసి అమ్ముకునే వ్యాపారి. ఆ కాలపు లండన్ చుట్టూ గోడ, గోడ దాటితే పొలాలు. తూర్పు గోడ అవతల సన్యాసినుల మఠానికి చెందిన పొలం ఒకటి ఉండేది. చిన్నతనంలో స్టో అక్కడికి వెళ్లి పాలు తెచ్చేవారు. అర పెన్నీకి వేసవిలో మూడు పైంట్లు, చలికాలంలో రెండు పైంట్లు, పితికిన వేడి ఆరకముందే పోసేవారట. దాదాపు అరవై ఏళ్ల తరువాత తన పుస్తకంలో ఆ పొలం ఉన్న పేట గురించి రాస్తూ, పాల ధరతో సహా ఈ సంగతి పొందుపరిచారు. ఆ జ్ఞాపకశక్తి చూస్తే ముచ్చటేస్తుంది.

ఆయన మరచిపోని మరో సంగతి కూడా ఉంది. వారి నాన్నగారికి థ్రాగ్‌మార్టన్ వీధిలో అద్దెకు తీసుకున్న స్థలం, అందులో తోట ఉండేవి. పక్కనే థామస్ క్రాంవెల్ పెద్ద భవనం కట్టించాడు. క్రాంవెల్ అంటే ఎనిమిదో హెన్రీ రాజు కొలువులో తిరుగులేని మంత్రి. భవనం పూర్తయ్యాక తన తోట చిన్నదిగా తోచింది కాబోలు, చుట్టుపక్కల వారి తోటల కంచెలు పీకించి, ఒక్కొక్కరి స్థలంలోకి 22 అడుగులు జరిగి, పునాది తవ్వించి, ఎత్తుగా ఇటుక గోడ లేపించాడు. స్టో తండ్రిగారి తోటలో ఒక చిన్న ఇల్లుండేది. దాన్ని నేల నుంచి పెకలించి, దుంగల మీద దొర్లించి, 22 అడుగులు లోపలికి జరిపించారు. ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు. అడిగితే పనివాళ్లు యజమాని ఆజ్ఞ అన్నారు. ఆపైన నోరెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అంతటితో అయిందా అంటే కాలేదు. సగం తోట పోయినా, ఏడాది అద్దె మాత్రం స్టో తండ్రి పూర్తిగా కడుతూనే వచ్చారు.

క్రాంవెల్ 1540లో రాజాగ్రహానికి గురై తల పోగొట్టుకున్నాడు. అయితే వంశచరిత్రలు వెతికేవారు అతనికి ఒక విధంగా రుణపడి ఉన్నారు. ప్రతి చర్చి పరిధిలోనూ జరిగే బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు పుస్తకంలో రాసిపెట్టాలని 1538లో ఆజ్ఞ జారీ చేసినవాడు అతడే. ఇంగ్లండు చర్చి రిజిస్టర్లకు మొదలు అదే. ఈనాడు లండన్‌లో పూర్వీకులను వెతికే మనిషి ఒక చేత్తో క్రాంవెల్ పెట్టించిన రిజిస్టరు, మరో చేత్తో స్టో రాసిన పుస్తకం పట్టుకొని కూర్చోవాలి. ఒకడు గోడ జరిపించినవాడు, మరొకరు ఆ గోడ వల్ల తోట పోగొట్టుకున్న ఇంటి బిడ్డ. చరిత్ర ఇటువంటి చిత్రాలు చేస్తుంటుంది.

దర్జీ పని – చరిత్ర పిచ్చి

స్టో దర్జీ పని నేర్చుకొని 1547లో మర్చంట్ టైలర్స్ కంపెనీలో సభ్యులయ్యారు. అది మన కులవృత్తుల సంఘాల వంటి వర్తక సంఘం. తరువాత నగరం తూర్పున ఆల్డ్‌గేట్ దగ్గర మంచినీటి బావి పక్కన కాపురం పెట్టారు. 1549లో, దేశంలో తిరుగుబాట్లు చెలరేగుతున్న రోజుల్లో, స్టో ఇంటి గుమ్మం ముందే ఒక మనిషిని ఉరితీశారు. పొరుగూరి అధికారి ఆయన. చేసిన నేరమల్లా, ఊళ్లో విశేషాలేమిటని ఒక మతగురువు అడిగితే నలుగురూ అనుకుంటున్న మాట చెప్పడం. ఆ మనిషి చివరి క్షణాల్లో తాను నిర్దోషినని చెప్పుకోవడం స్టో చెవులారా విన్నారు. ఏ అధికార పత్రంలోనూ చోటు దొరకని ఆ మాటలకు ఆయన పుస్తకంలో చోటు దొరికింది.

ముప్పయ్యో పడిలో ఉండగా స్టోకు పాత పుస్తకాల మీద మోజు పట్టుకుంది. కారణం లేకపోలేదు. ఆయన పిల్లవాడిగా ఉన్న రోజుల్లోనే, 1536 నుంచి 1540 లోపు, ఇంగ్లండులోని మఠాలన్నిటినీ రాజు రద్దు చేశాడు. ఆస్తులు కొలువులోని వారికి పోయాయి. గ్రంథాలయాలు చెల్లాచెదరయ్యాయి. చేతిరాత పుస్తకాలు చిత్తు కాగితాలుగా అమ్ముడుపోయాయి. స్టో దొరికినవి కొన్నారు, కొనలేనివి తన చేత్తో నకలు రాసుకున్నారు. 1561లో మహాకవి ఛాసర్ రచనల సంపుటం తీసుకొచ్చారు. 1565లో ఇంగ్లండు చరిత్రను చిన్న పుస్తకంగా వేశారు. అది బాగా అమ్ముడుపోయి మళ్లీ మళ్లీ అచ్చయింది. ఆ తరువాత 1580లో, 1592లో పెద్ద చరిత్ర గ్రంథాలు వెలువడ్డాయి. ఈ పనిలో పడి దర్జీ దుకాణం క్రమంగా మూలబడింది.

ఆయనకు గుర్రపు స్వారీ అలవాటు లేదు. పాత పత్రాలు చూడడానికి దూరప్రాంతాల పెద్ద చర్చిలకు కూడా కాలినడకనే వెళ్లేవారు. మనిషి పొడగరి, సన్నగా ఉండేవారనీ, ముఖం ఎప్పుడూ ప్రసన్నంగా ఉండేదనీ ఆయన్ని ఎరిగినవారు రాసిపెట్టారు.

కష్టాలకు మాత్రం కొదవ లేదు. సొంత తమ్ముడితో ఏళ్ల తరబడి తగాదా. తోటి చరిత్రకారుడు గ్రాఫ్టన్‌తో రచ్చకెక్కిన వైరం. మత విద్వేషాలు భగ్గుమంటున్న కాలంలో పాత మఠాల పుస్తకాలు ఇంట్లో ఉండడమే నేరంలా కనబడింది. 1569లో అధికారులు ఆయన ఇల్లు సోదా చేసి, అనుమానం కలిగిన పుస్తకాలకు జాబితా రాసుకొని వెళ్లారు. అదృష్టవశాత్తు అంతకు మించి హాని జరగలేదు. ఆయన పుస్తకాలు పోగుచేయడం మానలేదు.

నగరం మొత్తం పుస్తకంలోకి

విలియం లాంబార్డ్ అనే ఆయన కెంట్ జిల్లా గురించి రాసిన గ్రంథం 1576లో వెలువడింది. ఒక జిల్లా గురించి ఇంగ్లండులో వచ్చిన మొదటి పుస్తకం అదే. దాన్ని చూసి, తన ఊరి సంగతి తానే రాయాలని స్టో పూనుకున్నారు. అప్పటికి దశాబ్దాలుగా కూడబెట్టిన నోట్సు ఆయన దగ్గర ఉండనే ఉన్నాయి.

పుస్తకం అమరిక చాలా తేలికగా ఉంటుంది. మొదట నగరపు గోడ, ద్వారాలు, నది, బావులు, వంతెనలు, బడులు, జనం ఆటపాటలు. ఆపైన వార్డుల వారీగా నడక. అప్పటికి లండన్‌లో 26 వార్డులు. తూర్పు చివరి వార్డుతో మొదలుపెట్టి, పాఠకుణ్ణి వేలు పట్టుకొని వీధి వీధీ తిప్పుతారు. ఇది ఫలానావారి ఇల్లు, ఇంతకుముందు ఫలానావారిది, ఇక్కడ చెరువుండేది పూడ్చేశారు, అక్కడ పేదల కోసం ఫలానా వ్యాపారి సత్రం కట్టించాడు అని చెబుతూ పోతారు. ప్రతి చర్చి దగ్గరా ఆగి, అక్కడ ఎవరెవరి సమాధులున్నాయో పేరు, వృత్తి లేదా పదవి, తెలిసినంత వరకు సంవత్సరంతో రాస్తారు. పుస్తకంలో మేయర్ల పట్టిక కూడా ఉంది.

వంశచరిత్ర వెతికేవారికి బంగారం ఈ సమాధుల జాబితాలే. రిజిస్టర్లు 1538లోగాని మొదలు కాలేదు. అంతకు ముందు బతికినవారి ఆనవాలు సమాధిరాళ్లు, వీలునామాలు మాత్రమే. ఆ రాళ్లు స్టో కళ్లెదుటే మాయమవుతూ వచ్చాయి. గ్రే ఫ్రయర్స్ అనే మఠం చర్చిలో సమాధి అయినవారి పేర్లు ఆయన పొడవాటి జాబితాగా ఇచ్చారు. చివర, అక్కడి పది పెద్ద సమాధులను కూల్చివేసి, వాటితో పాటు 140 పాలరాతి సమాధి పలకలను ఒక నగర పెద్ద మొత్తంగా సుమారు 50 పౌన్లకు అమ్మేశాడని, అతని పేరుతో సహా రాశారు. మరికొన్ని చర్చిల్లో కొందరి సమాధులను స్టో కావాలనే వదిలేశారని ఒక కథనం ఉంది. ఇతరుల సమాధులు చెరిపినవారికి తన పుస్తకంలో చోటివ్వనన్నది ఆయన పట్టుదలట.

ఈ మహాగ్రంథానికి ఆయనకు ముట్టిన ప్రతిఫలం 3 పౌన్లు, 40 ప్రతులు. 1603లో రెండవ కూర్పు తానే పెంచి సరిదిద్ది వేయించారు.

పింఛను – యాచన పత్రం

1579 నుంచి మర్చంట్ టైలర్స్ కంపెనీ స్టోకు ఏడాదికి 4 పౌన్ల పింఛను ఇస్తూ వచ్చింది. తరువాత అది కొంత పెరిగింది. సంపాదన లేదు, ధరలు పెరిగాయి, ఉన్నదంతా పుస్తకాల పాలయింది. పింఛను ధరల వెంట పరుగెత్తలేకపోవడం ఎలా ఉంటుందో మన సభ్యులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

చివరి సంవత్సరాల్లో స్టో కొత్త రాజు ఒకటో జేమ్స్‌కు తన స్థితి విన్నవించుకున్నారు. రాజు 1604లో స్పందించాడు. ఖజానా నుంచి డబ్బు ఇప్పించలేదు. ప్రజలు ఇష్టపూర్వకంగా ఇచ్చే విరాళాలు వసూలు చేసుకోవడానికి అనుమతి పత్రం ఇచ్చాడు. దేశసేవ చేసిన వృద్ధుడికి దక్కిన రాజ గౌరవం, ముద్ర వేసిన యాచన పత్రం! ఒక చర్చి పరిధి మొత్తం తిరిగితే వచ్చిన చందా 7 షిల్లింగుల 6 పెన్నీలు, అంటే అర పౌనుకు కూడా తక్కువ.

ఇంత జరిగినా ఆయన హాస్యం ఇంకలేదు. నాటక రచయిత బెన్ జాన్సన్ ఒకసారి స్టోతో కలిసి నడుస్తుండగా ఇద్దరు కుంటి బిచ్చగాళ్లు ఎదురయ్యారట. మీ సంఘంలో చేరాలంటే ఏం చెల్లించాలని స్టో వారిని అడిగారని జాన్సన్ తరువాత చెప్పుకున్నాడు.

1605 ఏప్రిల్‌లో, ఎనభై ఏళ్ల వయసులో జాన్ స్టో కన్నుమూశారు. తాను నివసించిన పేటలోని సెయింట్ ఆండ్రూ అండర్‌షాఫ్ట్ చర్చిలో సమాధి చేశారు. భార్య ఎలిజబెత్ అక్కడ ఆయన శిల్పం పెట్టించారు. బల్ల ముందు కూర్చొని రాసుకుంటున్న స్టో, చేతిలో నిజమైన ఈక కలం. పాత ఈక తీసి లండన్ మేయర్ కొత్త ఈక పెట్టే ఆనవాయితీ ఏర్పడింది. తొలుత ఏటా, ఇటీవలి దశాబ్దాల్లో మూడేళ్లకొకసారి ఆ వేడుక జరుగుతూ వచ్చింది. బతికుండగా చందాలు అడిగిన మనిషి చేతికి, పోయాక నగర ప్రథమ పౌరుడు వచ్చి కలం అందించాడు.

అగ్ని మిగిల్చినది

1666 సెప్టెంబరులో లండన్‌లో ఘోర అగ్నిప్రమాదం జరిగింది. సుమారు 13,200 ఇళ్లు, 87 చర్చిలు బూడిదయ్యాయి. సెయింట్ పాల్ మహాచర్చి కూడా కాలిపోయింది. ఆ చర్చిలతో పాటు వాటిలోని సమాధులు, శాసనాలు పోయాయి. స్టో సమాధి ఉన్న చర్చి మాత్రం ఆ మంటల నుంచి, తరువాత రెండవ ప్రపంచ యుద్ధపు బాంబుల నుంచి బయటపడింది. 1992లో సమీపంలో జరిగిన బాంబు పేలుడులో దెబ్బతిన్నా నిలిచింది.

అగ్నిప్రమాదానికి 68 ఏళ్ల ముందే స్టో పేర్లన్నీ అచ్చు వేయించి ఉండకపోతే, ఎన్నో కుటుంబాల పెద్దల ఆనవాలు ఆ రాళ్లతోనే అంతరించేది. ఆ విలువ గుర్తించి తరువాతివారు పుస్తకాన్ని పెంచుతూ పోయారు. ఆంథొనీ మండే 1618లో, జాన్ స్ట్రైప్ 1720లో రెండు పెద్ద సంపుటాలుగా, తమ కాలపు వివరాలు చేర్చి ప్రచురించారు. స్టో రాసిన అసలు పాఠాన్ని కింగ్స్‌ఫర్డ్ అనే పండితుడు 1908లో శ్రద్ధగా పరిష్కరించి వేశారు. స్టో చేతిరాత పుస్తకాలు పెక్కు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ఈ పుస్తకం వాడుకునే తీరు చెప్పాలి. ముందు తమ పూర్వీకులు ఏ చర్చి పరిధిలో, ఏ వార్డులో ఉండేవారో తేల్చుకోవాలి. స్టో పుస్తకంలో ఆ వార్డు తీసి, వీధులు, చర్చి, సమాధుల జాబితా చదవాలి. పేరు తగిలితే అక్కడే సంబరపడిపోకూడదు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. ఒకే పేరు నాలుగు రకాల వర్ణక్రమాల్లో ఉంటుంది. దొరికిన పేరును వీలునామాతో, చర్చి రిజిస్టరుతో సరిచూసుకోవాలి. కలిగినవారి పాత వీలునామాలు, 1384 నుంచి నమోదైనవి, లండన్ శివారు క్యూలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. సమాధిరాయి పెట్టించుకోగలిగినవారే స్టో జాబితాలకెక్కారు. కూలీనాలీ చేసుకున్నవారి పేర్లు రిజిస్టర్లలోనే వెతకాలి. పూర్వీకులు లండన్ వారు కాకపోతే, ఆయా జిల్లాల గ్రంథాలు ఉండనే ఉన్నాయి. కార్న్‌వాల్‌కు కేర్యూ 1602లో, వారిక్‌షైర్‌కు డగ్‌డేల్ 1656లో రాసినవి పేరుపొందాయి. 1899లో మొదలైన విక్టోరియా కౌంటీ హిస్టరీ సంపుటాలు జిల్లాల వారీగా వచ్చాయి.

మన దగ్గరా ఇటువంటి పని జరిగింది. స్కాట్లండు నుంచి వచ్చిన కాలిన్ మెకంజీ, మన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో ఊరూరి చరిత్రలు రాయించారు. వాటినే కైఫీయతులు అంటాం. వాటికి ఆధారమైన కరణాల దండకవిలెలు చాలావరకు పోయాయి. కైఫీయతులు మిగిలాయి.

చివరగా ఒక్క సంగతి. కార్న్‌హిల్‌లోని సెయింట్ మైకేల్ చర్చి గురించి రాస్తూ, అక్కడి ఆవరణలో 1526 ప్రాంతంలో తన తాతగారిని, 1559లో తన తండ్రిగారిని సమాధి చేశారని స్టో ఒక వాక్యం చేర్చారు. తాతగారి పేరూ థామస్ స్టోయే. ఆ చర్చి 1666లో కాలిపోయింది. తాతగారు పోయేనాటికి రిజిస్టర్లు పుట్టనేలేదు. అయినా నేటికీ ఆ తాతగారి పేరు, చోటు మనకు తెలుసు. మనవడు రాసిపెట్టాడు గనుక తెలుసు. మన ఇళ్లలోనూ తాతలు, ముత్తాతలు, వారి ఊళ్లు, విడిచిపెట్టి వచ్చిన వీధులు పెద్దవారి నోటనే ఉన్నాయి. సభ్యులందరూ తమకు తెలిసినంత మేరకు ఒక నోటు పుస్తకంలో పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు రాసి మనవలకు అందజేస్తే, అంతకు మించిన ఆస్తి మరొకటి ఉండదు.